మహమ్మారి, కచేరీ, కొలువు

వింధ్య ప్రాంతంలోని మైహర్ బ్రిటిష్ కాలంలో ఒక చిన్న సంస్థానం. నేడు అది మధ్యప్రదేశ్‌లో ఉంది. నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణ్‌బారియా ప్రాంతంలో పుట్టిన అల్లాఉద్దీన్ ఖాన్ 1918 ప్రాంతంలో అక్కడికి ఆస్థాన విద్వాంసుడిగా వచ్చారు. దేశమంతటా ఇన్‌ఫ్లుయెంజా జనాన్ని ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెడుతున్న రోజులవి. ఆ ఒక్క వ్యాధికే అవిభక్త భారతదేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల మంది బలయ్యారని తరవాతి పరిశోధకుల అంచనా. మహమ్మారి అనాథలను చేసిన పిల్లలను అల్లాఉద్దీన్ ఖాన్ చేరదీశారు. మహారాజు బ్రిజ్‌నాథ్ సింగ్ ఆదరణతో వారికి తిండి, నీడ కల్పించి, వాద్యాలు నేర్పి ఒక బృందంగా తీర్చారు. సితార్, సరోద్, వయొలిన్, చెల్లో, తబలా వంటి వాద్యాలతో పాటు, పాత తుపాకీ గొట్టాలను కోసి తయారుచేసిన నల్‌తరంగ్ కూడా ఆ బృందంలో మోగింది. దానికే మైహర్ బ్యాండ్ అని పేరు. భారతీయ రాగాలను సామూహికంగా వాయించిన తొలి వాద్యబృందాలలో అది ఒకటి. సంస్థానం పోయినా, మహారాజు పోయినా, 1972లో అల్లాఉద్దీన్ ఖాన్ కన్నుమూసినా ఆ బృందం ప్రభుత్వ పోషణలో నూరేళ్లు దాటి నిలిచింది.

సరిగ్గా నూటరెండేళ్ల తరవాత మరొక మహమ్మారి వచ్చింది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అమలైంది. అంతకు ముందే రాష్ట్రాలు సినిమాహాళ్లను, సభామందిరాలను మూసివేశాయి. హైదరాబాదులోని రవీంద్రభారతి మొదలు చెన్నైలోని మ్యూజిక్ అకాడమీ దాకా, ముంబయిలోని జాతీయ ప్రదర్శనకళల కేంద్రం మొదలు పల్లెటూరి కల్యాణమండపం దాకా అన్నీ మూతపడ్డాయి. జనం గుమికూడితే వ్యాధి వ్యాపిస్తుంది గనుక ఆ మూసివేత అవసరమే. దానిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. హాలు మూసిన రోజున ఆ హాలు మీద బతికే మనిషి ఏమయ్యాడన్నదే ఇక్కడి ప్రశ్న. ఒక సంస్థానాధీశుడు మహమ్మారి నడుమ వాద్యబృందానికి కొలువు కల్పించగా, గణతంత్ర రాజ్యం మరొక మహమ్మారి నడుమ వాద్యకారులను వారి మానాన వారిని ఎందుకు వదిలివేసింది? రాజుగారి దయ, మంత్రిగారి నిర్దయ అనే మాటలతో దీనికి సమాధానం దొరకదు. సమాధానం కోసం మన చట్టాల చరిత్రను, సంగీతకారుడి కొలువు చరిత్రను పక్కపక్కన పెట్టి చదవాలి.

మొదట చట్టం. 2020లో రాష్ట్రాలు ప్రయోగించిన అంటువ్యాధుల చట్టం 1897 ఫిబ్రవరిలో వచ్చింది. బొంబాయి ప్లేగును అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం హడావిడిగా తెచ్చిన నాలుగు సెక్షన్ల చట్టమది. అంటువ్యాధి ప్రబలినప్పుడు అవసరమనుకున్న ఏ ఆంక్షనైనా విధించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. ధిక్కరించిన వారికి శిక్ష పెట్టింది. సదుద్దేశంతో చర్య తీసుకున్న అధికారిపై దావా వేయరాదని చెప్పింది. ఆ ఏడాదే పుణెలో ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చిచంపడం, తిలక్ రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లడం ఈ చట్టం అమలుతో ముడిపడిన ఘటనలే. అధికారికి రక్షణ కల్పించిన ఆ చట్టంలో, ఆంక్షల వల్ల బతుకుతెరువు పోయినవారి గురించి ఒక్క మాట లేదు. 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు ద్వారా దానిని సవరించినప్పుడు వైద్య సిబ్బందిపై దాడులకు కఠిన శిక్షలు చేర్చారు. అది మంచి సవరణే. ఆ రెండో అవకాశంలోనూ జీవనోపాధి ప్రస్తావన రాలేదు.

ఇక కొలువు చరిత్ర. మన దేశంలో సంగీతకారుడికి జీతమిచ్చిన వ్యవస్థలు మూడు: ఆస్థానం, ఆలయం, ఆకాశవాణి. మైసూరు, తిరువాన్కూరు, విజయనగరం, పిఠాపురం వంటి ఆస్థానాలు విద్వాంసులను పోషించాయి. ఆలయాల్లో మంగళవాద్యం వాయించేవారికి మాన్యాలుండేవి. ఈ పోషణలో స్వేచ్ఛ తక్కువ, కులకట్టుబాటు ఎక్కువ. ప్రభువు మనసు మారితే కొలువు పోయేది. అయినా అది కచేరీకి ఇంత అని లెక్కగట్టే ఏర్పాటు కాదు. జ్వరం వచ్చి వాయించలేకపోయిన నెలలోనూ పొయ్యిలో పిల్లి లేచేది.

స్వాతంత్ర్యం తరవాత సంస్థానాలు విలీనమయ్యాయి, జమీందారీలు రద్దయ్యాయి. ఆ ఖాళీని కొంతమేర భర్తీ చేసింది రేడియో. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందం ఏర్పడింది. దాని తొలి సారథులలో ప్రముఖుడు రవిశంకర్. ఆయన మైహర్‌లో అల్లాఉద్దీన్ ఖాన్ దగ్గర చదువుకున్న శిష్యుడే కనుక, అనాథ పిల్లల బృందం నుంచి జాతీయ వాద్యబృందానికి గురుశిష్య సంబంధం తిన్నగా ఉంది. తరవాతి కాలంలో ద్రాక్షారామానికి చెందిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఆ బృందానికి సారథ్యం వహించారు. ఇటు 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ కేంద్రం ఎందరో నిలయ విద్వాంసులకు నెలజీతం ఇచ్చింది. వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి అక్కడ 1948 నుంచి 1986 దాకా పనిచేశారు. 2021లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. నెలజీతంపై పనిచేసిన పక్కవాద్య విద్వాంసుల తరానికి ఆయన ప్రతినిధి.

ఆ నెలజీతం కూడా తేలికగా స్థిరపడలేదు. స్టాఫ్ ఆర్టిస్టులను ప్రభుత్వం చాలాకాలం ఒప్పందంపై పనిచేసేవారిగానే చూసింది. వారు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని, రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ వారికీ వర్తిస్తుందని 1987లో సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. పదేళ్లు గడిచాయి. 1997లో ప్రసారభారతి ఏర్పడింది. ఆ తరవాత రిటైరైన విద్వాంసుల స్థానాలు క్రమంగా ఖాళీగా మిగిలాయి. శాశ్వత కొలువు కోసం న్యాయస్థానంలో గెలిచిన తరం వెళ్లిపోయింది. వారి కుర్చీలలోకి కార్యక్రమానికి ఇంత అని తీసుకునే క్యాజువల్ కళాకారులు వచ్చారు. 2020 నాటికి మన సంగీతరంగంలో అత్యధికులు కచేరీ జరిగితేనే సంభావన అందే మనుషులు. కరోనా వచ్చి వారి ఉద్యోగాలు తీసివేయలేదు. తీసివేయడానికి వారికి ఉద్యోగాలే లేవు.

ఈ తేడా ఎంత ముఖ్యమో తెలియాలంటే అదే సమయంలో ఇతర దేశాల వాద్యబృందాలలో ఏం జరిగిందో చూడాలి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా 2020 మార్చి 12న తలుపులు మూసింది. ఏప్రిల్ 1 నుంచి వాద్యకారులను, గాయకబృందాన్ని జీతం లేని సెలవులోకి పంపింది. ఆరోగ్యబీమాను మాత్రం కొనసాగించింది. నెలల తరవాత యాజమాన్యం వారానికి 1,543 డాలర్ల వరకు ఇస్తామంది గాని, అందుకు బదులుగా దీర్ఘకాలిక వేతనాల తగ్గింపుపై చర్చలకు రావాలని షరతు పెట్టింది. రంగస్థల సిబ్బందిని 2020 డిసెంబరులో లాకౌట్ చేసింది. సంఘాలతో ఒప్పందాలు కుదిరి, 2021 సెప్టెంబరులో టీకా తప్పనిసరి అన్న నిబంధనతో హాలు తెరుచుకునే నాటికి 97 మంది వాద్యకారులలో కనీసం పదిమంది రిటైరయ్యారు. మామూలు ఏడాదిలో అలా వెళ్లేవారు ఇద్దరో ముగ్గురో. ప్రపంచంలోని సంపన్న సంగీత సంస్థలలో ఒకటైన చోట పరిస్థితి ఇది. అయినా అక్కడ వాద్యకారుడి పేరున ఒక కుర్చీ ఉంది, తరఫున ఒక సంఘం ఉంది, బేరమాడటానికి ఎదురుగా ఒక యజమాని ఉన్నాడు.

లండన్‌లో పరిస్థితి మరొక రకం. బీబీసీ వాద్యబృందాల వారు జీతగాళ్లు. లండన్ సింఫొనీ, లండన్ ఫిల్‌హార్మోనిక్ వంటి స్వయంపాలిత బృందాల వాద్యకారులు చట్టం దృష్టిలో స్వయం ఉపాధి పొందేవారు. ప్రభుత్వం ఉద్యోగులకు జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌన్ల పరిమితితో చెల్లించిన పథకం వీరికి వర్తించలేదు. స్వయం ఉపాధివారి కోసం వేరే పథకం పెట్టారు గాని, అందులో ఆదాయ నిబంధనల వల్ల చాలామంది బయటే మిగిలారు. ఒకే నగరంలో, ఒకే స్వరలిపిని చూసి వాయించే ఇద్దరిలో ఒకరికి సాయం అంది మరొకరికి అందకపోవడానికి కారణం వారి నియామకపత్రంలోని తేడాయే.

జర్మనీలో ప్రభుత్వ నిధులతో నడిచే వాద్యబృందాలు దాదాపు 130. పనిగంటలు తగ్గినప్పుడు ఉద్యోగిని తీసివేయకుండా, పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం ప్రభుత్వ బీమానిధి నుంచి చెల్లించే ఏర్పాటు అక్కడ ముందు నుంచీ ఉంది. కరోనా వచ్చినప్పుడు దానినే వాద్యబృందాలకూ వర్తింపజేసి, వేతన ఒప్పందాల ద్వారా ఇంకొంత కలిపారు. అక్కడా స్వతంత్ర కళాకారులు ఇబ్బందిపడ్డారు. అయితే 1981లో చేసి 1983 నుంచి అమలుచేస్తున్న ఒక చట్టం వారికి ఆరోగ్యబీమాను, పింఛనును కాపాడింది. దాని ప్రకారం స్వతంత్ర కళాకారుడి బీమా చందాలో సగం అతడు కడతాడు. మిగతా సగాన్ని ప్రభుత్వం, కళాకారుల సేవలు వాడుకునే సంస్థలు కలిసి భరిస్తాయి. కచేరీ పెట్టించుకున్నవారు కూడా ఒక రకంగా యజమానులేనని ఆ చట్టం గుర్తించింది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశ్రమలు, దుకాణాలు, వాణిజ్య సంస్థల యజమానులు మూసివేత కాలానికి కార్మికుల వేతనాలను కోత లేకుండా చెల్లించాలని అందులో ఆదేశించింది. యాజమాన్యాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మే 18 నుంచి ఆ ఉత్తర్వు అమలులో లేకుండా పోయింది. అది అమలులో ఉన్న ఏడు వారాలలోనూ ఒక మృదంగ విద్వాంసుడు ఎవరిని చూపి ఇతడు నా యజమాని అనగలడు? సభ కార్యదర్శినా? పక్కన కూర్చోబెట్టుకున్న గాయకుడినా? పెళ్లివారినా?

మే నెలలో పెళ్లిళ్లకు యాభైమందిని అనుమతించారు. ఆ యాభైలో వధూవరుల తాలూకు వారే పట్టలేదు. ఇక సన్నాయి, డోలు, బ్యాండ్‌మేళం మాట చెప్పనక్కర లేదు. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాల కాలంలో సంపాదించినదే మేళగాళ్లకు ఏడాది తిండి. ఆ కాలమంతా లాక్‌డౌన్ మింగేసింది. అక్టోబరు 15 నుంచి మూసిన హాళ్లలో సగం సీట్లతో, రెండు వందలకు మించకుండా సాంస్కృతిక కార్యక్రమాలు జరుపుకోవచ్చన్నారు. సగం సీట్ల రాబడితో హాలు అద్దె, విద్యుత్తు, మైకు, శుభ్రపరిచే సిబ్బంది ఖర్చులు భరించి కచేరీ పెట్టే స్తోమత ఎన్ని సభలకు ఉంది?

చెన్నై డిసెంబరు సీజన్ ఆ ఏడాది తెర మీదకు మారింది. మ్యూజిక్ అకాడమీ తన ఉత్సవాన్ని కుదించి ఆన్‌లైన్‌లో జరిపింది. 2020, 2021 సంవత్సరాల సంగీత కళానిధి పురస్కారాలను 2022లో గాని ప్రకటించలేదు. కచేరీలు రికార్డు చేసి ప్రసారం చేయడంతో హాళ్ల సిబ్బంది స్వరూపమే మారింది. కెమెరా, ధ్వనిముద్రణ, ఎడిటింగ్ తెలిసినవారికి పని దొరికింది. టికెట్లు ఇచ్చేవారు, సీట్లు చూపేవారు, క్యాంటీనులో వంటవారు, తంబురాలు మోసి వేదిక సర్దేవారు ఇళ్లలో కూర్చున్నారు. ప్రసారానికి పేరున్న గాయకులను ఎంచుకోవడం సహజం. పేరులేని పక్కవాద్యకారుల వంతు వచ్చేసరికి అవకాశాలు సన్నగిల్లాయి. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాకు ఇంకో ఇబ్బంది. స్థానిక వాద్యకారులు కొద్దిమందే. ప్రతి సీజనుకూ విదేశాల నుంచి వచ్చేవారితోనే పూర్తి బృందం ఏర్పడుతుంది. అంతర్జాతీయ విమానాలు ఆగగానే ఆ బృందం చెదిరింది.

అయితే కొలువున్న చోట కళ నిలిచిందనడానికి మన దగ్గరా సాక్ష్యాలున్నాయి. తిరుమలలో 2020 మార్చి 20 నుంచి జూన్ మొదటి వారం దాకా భక్తులకు దర్శనం లేదు. స్వామివారి నిత్యకైంకర్యాలు మాత్రం ఏకాంతంగా సాగాయి. వినే జనం ఉన్నా లేకున్నా కైంకర్యం కైంకర్యమే గనుక అక్కడి మంగళవాద్యం టికెట్టు మీద ఆధారపడలేదు. తెలంగాణలో ఉద్యమకాలపు గాయకులతో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులు ప్రభుత్వ జీతంపై ఉన్నారు. ప్రభుత్వం తన ప్రచారానికి వాడుకునే బృందమిది అన్న విమర్శ సబబే. అయినా లాక్‌డౌన్‌లో వ్యాధిపై అవగాహన పాటలు కట్టి పాడినదీ వారే. పశ్చిమ బెంగాల్‌లో 2014 నుంచి జానపద కళాకారులకు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చే పథకం ఉంది. వెయ్యి రూపాయలు చాలవు. కాని ఆ పథకం వల్ల కళాకారుల పేర్లు ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి.

ఈ జాబితా విషయం చిన్నదేమీ కాదు. 2020 జూన్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జగనన్న చేదోడు కింద దుకాణాలున్న దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు పదేసి వేల రూపాయలు ఇచ్చింది. సుమారు 2.47 లక్షల మందికి అది అందింది. మన ఊళ్లలో సన్నాయి, డోలు పట్టినవారిలో ఎక్కువమంది నాయీబ్రాహ్మణులే. అయితే వారిని ప్రభుత్వం గుర్తించింది క్షౌరశాల ఉన్నవారిగా, సన్నాయి విద్వాంసులుగా కాదు. అంటే దుకాణం లేకుండా కేవలం సన్నాయినే నమ్ముకున్నవాడు పథకానికి అవతల మిగిలాడు. అతడి వాద్యం శుభకార్యాలన్నింటికీ అవసరం. అతడి వృత్తి మాత్రం ఏ శాఖ రిజిస్టరులోనూ లేదు. కర్ణాటక గాయకుడు టి.ఎం. కృష్ణ వంటివారు విరాళాలు పోగుచేసి ఇలాంటి కళాకారులకు పంపారు. వారి ఔదార్యం మెచ్చదగినది. ఔదార్యం అవసరమైందంటే అక్కడ హక్కు లేదని అర్థం.

నిజానికి హక్కుకు చట్టంలో ఒక చిన్న తలుపు ఉంది. లాక్‌డౌన్‌ను ఏ చట్టం కింద విధించారో ఆ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోనే 12వ సెక్షన్ ఉంది. విపత్తులో నష్టపోయినవారికి కనీస సహాయ ప్రమాణాలను జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ నిర్దేశించాలని అది చెబుతుంది. ప్రాణనష్టానికి పరిహారంతో పాటు జీవనోపాధి పునరుద్ధరణకు సాయం కూడా ఆ సెక్షన్‌లో ఉంది. మరణాల పరిహారంపై 2021 జూన్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తే తప్ప ప్రభుత్వం కదలలేదు. తరవాత కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల చొప్పున నిర్ణయించారు. అదే సెక్షన్‌లోని జీవనోపాధి మాటను ఎవరూ గట్టిగా అడగలేదు. హాళ్లు మూయడానికి ఆ చట్టంలోని అధికారాలన్నింటినీ వాడుకున్న ప్రభుత్వాలు, మూసిన హాళ్ల మనుషుల విషయంలో అదే చట్టంలోని బాధ్యతను మరిచాయి. ప్రతిపక్షాలు కూడా పార్లమెంటులో దీనిని పెద్ద ప్రశ్న చేయలేదు. చెదిరిన వృత్తులకు ఓటుబ్యాంకు లేదన్నది అందరికీ తెలిసిన సంగతే.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. మొదటిది, వృత్తి సంగీతకారులకు, వేదిక కార్మికులకు జిల్లాల వారీగా రిజిస్టరు. కులవృత్తి పేరుతో కాక, చేసే పని పేరుతో అది ఉండాలి. రెండవది, కచేరీ పెట్టించేవారి నుంచి, టికెట్ల నుంచి, ప్రసార వేదికల నుంచి చిన్న సెస్సు వసూలుచేసి సంక్షేమ నిధి ఏర్పాటు. ఇది విదేశీ ఆలోచన అనుకోనక్కర లేదు. జర్మనీ తన చట్టం చేసిన 1981లోనే మన పార్లమెంటు సినిమాలపై సెస్సు వేసి సినీ కార్మికుల సంక్షేమ నిధిని ఏర్పరచింది. కెమెరా ముందు పనిచేసేవారికి ఒప్పుకున్న సూత్రం వేదిక మీద పనిచేసేవారికి వర్తించదనడానికి కారణం లేదు. మూడవది, ఆకాశవాణి వాద్యబృందాలలో ఖాళీల భర్తీ. నాలుగవది, ఆరోగ్య అత్యవసర స్థితిలో హాళ్లు మూసే ప్రతి ఉత్తర్వుతో పాటు 12వ సెక్షన్ కింద జీవనోపాధి సాయాన్ని కూడా ప్రకటించాలన్న నిబంధన.

సంస్థానాల కాలం తిరిగి రావాలని ఎవరూ కోరరు. బ్రిజ్‌నాథ్ సింగ్ పోషణ ఒక ప్రభువు ఇష్టం మీద నడిచింది. ఆ ఇష్టం లేని సంస్థానాలలో ఎందరు అనాథలు ఏమైపోయారో చరిత్ర రాసుకోలేదు. ఇష్టం స్థానంలో హక్కు రావాలన్నదే గణతంత్రం చేసిన వాగ్దానం. మైహర్‌లో వాద్యం అందుకున్న పిల్లలకు ఆ రోజు దక్కినవి రెండు: తిండి, దానితో పాటు ఒక పని. రేపు మరొక మహమ్మారి వస్తే మనం మళ్లీ హాళ్లు మూయక తప్పదు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టే అధికారి బల్ల మీద మేళగాళ్ల, పక్కవాద్యకారుల, వేదిక కార్మికుల పేర్ల జాబితా ఒకటి సిద్ధంగా ఉండాలి. దానిని తయారుచేయవలసింది వ్యాధి లేని ఈ రోజులలోనే.